లినక్సులో పాత వీడియో కార్డుల డ్రైవర్లు

లెగసీ డ్రైవరు అనగా, తయారీదారు తన ప్రధాన డ్రైవరు నుండి తొలగించిన పాత వీడియో కార్డుల కొరకు విడిగా నిలిపి ఉంచిన డ్రైవరు శాఖ. లినక్సుతో నడిచే కంప్యూటరులో కెర్నెలును గాని, మొత్తం పంపిణీని గాని కొత్తదానికి మార్చినప్పుడు, అంతవరకు చక్కగా పనిచేసిన పాత కార్డు ఒక్కసారిగా మొరాయించడం సాధారణంగా కనిపించే ఇబ్బంది. తెర నల్లగా ఉండిపోవడం, అక్షరాలు తప్ప బొమ్మలు రాకపోవడం, తెర స్పష్టత 800×600కు లేదా 1024×768కు పడిపోవడం దీని లక్షణాలు. కార్డు చెడిపోలేదు, దానితో మాట్లాడే డ్రైవరు మాత్రమే కరవైంది.

ఇటువంటప్పుడు వాడుకరి ముందు మూడు దారులు ఉంటాయి. తయారీదారు ఇచ్చిన లెగసీ డ్రైవరుకు మారడం మొదటిది. కెర్నెలుతో పాటే వచ్చే స్వేచ్ఛా డ్రైవరుతో నడుపుకోవడం రెండవది. కార్డును ఊడదీసి మదరుబోర్డులోనే ఉన్న గ్రాఫిక్సును వాడుకోవడం మూడవది. కార్డు ఏ తరానికి చెందినది, ఆ కంప్యూటరుతో చేసే పని ఏమిటి అన్న రెండు సంగతులు తెలిస్తేనే వీటిలో ఏది తగినదో చెప్పగలం.

డ్రైవరు నిర్మాణం

లినక్సులో వీడియో కార్డు డ్రైవరు ఒకే ముక్క కాదు. దానిలో ఒక భాగం కెర్నెలులో ఉంటుంది. కార్డు మెమరీని పంచడం, తెర స్పష్టతను నిర్ణయించడం, ఉష్ణోగ్రతను బట్టి ఫ్యాను వేగం మార్చడం దాని పనులు. రెండవ భాగం అనువర్తనాలకు, కార్డుకు నడుమ ఉండి త్రిమితీయ చిత్రాలను గీయిస్తుంది. స్వేచ్ఛా డ్రైవర్లకు ఈ రెండవ భాగాన్ని మీసా అనే గ్రంథాలయం సమకూరుస్తుంది. దీనిని బ్రయాన్ పాల్ 1993లో మొదలుపెట్టాడు. వీటికి తోడు, చాలా కాలం పాటు తెరపై కిటికీలను నిర్వహించిన ఎక్స్ సర్వరుకు కూడా ప్రతి కార్డుకూ ఒక చిన్న డ్రైవరు కావలసి ఉండేది.

ఎన్‌విడియా వంటి సంస్థలు ఇచ్చే యాజమాన్య డ్రైవరులో ఈ భాగాలన్నీ ఒకే కట్టగా వస్తాయి. అందులో అధిక భాగానికి మూల సంకేతం ఇవ్వరు. కెర్నెలుకు అతికే పలుచని పొర ఒక్కటే మూల సంకేతంగా వస్తుంది. దానిని ప్రతి కెర్నెలుకూ వాడుకరి కంప్యూటరులోనే కొత్తగా కూర్చుకోవాలి.

పనిచేయకపోవడానికి కారణం

లినక్సు కెర్నెలు తన బయటి ముఖాన్ని, అనగా అనువర్తనాలతో మాట్లాడే తీరును, సాధ్యమైనంత వరకు మార్చదు. ఇరవై ఏళ్ళ నాటి అనువర్తనం ఈనాటి కెర్నెలుపై నడవడం వింత కాదు. కాని కెర్నెలు లోపలి భాగాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీరు మాత్రం స్థిరం కాదు. అవసరమైనప్పుడల్లా దానిని మార్చే హక్కును కెర్నెలు రచయితలు బుద్ధిపూర్వకంగానే అట్టిపెట్టుకున్నారు. ఈ విధానాన్ని సమర్థిస్తూ గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ వ్రాసిన వ్యాసం కెర్నెలు మూల సంకేతంతో పాటే లభిస్తుంది. కెర్నెలు లోపల ఉన్న డ్రైవరును, మార్పు చేసినవారే దానితో పాటు సరిదిద్దుతారు. బయట ఉన్న డ్రైవరును దాని యజమాని సరిదిద్దవలసిందే. యజమాని మానుకుంటే ఆ డ్రైవరు అక్కడితో ఆగిపోతుంది.

దీనికి రైలు మార్గం మంచి ఉపమానం. గుంటూరు నుండి దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా నంద్యాల, గుంతకల్లు వెళ్ళే రైలుమార్గం మొదట మీటరు గేజి. 1990ల దశకంలో దానిని బ్రాడ్ గేజికి మార్చారు. మీటరు గేజి ఇంజనుకు ఆ రోజున ఏ లోపమూ రాలేదు, పట్టాల మధ్య దూరం మాత్రమే మారింది. ఇంజను చక్రాలను మార్చగల కర్మాగారం పూనుకుంటే తప్ప అది ఆ దారిలో కదలదు. మూల సంకేతం చేతిలో ఉండడమంటే చక్రాలు మార్చుకునే వీలు ఉండడమే.

కెర్నెలు ఒక్కటే కాక ఎక్స్ సర్వరు కూడా మారుతూ వచ్చింది. యాజమాన్య డ్రైవరు ఒక నిర్దిష్ట ఎక్స్ సర్వరు వరకే పొసగుతుంది. కెర్నెలు మార్పులకు వాడుకరులు అతుకులు తయారుచేసి పంచుకున్న సందర్భాలు ఉన్నాయి. కాని ఎక్స్ సర్వరుతో మాట్లాడే భాగానికి మూల సంకేతం లేదు కనుక దానికి అతుకు వేయడం కుదరదు. పాత కార్డులను నిజంగా ఇరికించినది ఈ రెండవ ముడియే.

ఎన్‌విడియా శాఖలు

లెగసీ అనే మాట ఎక్కువగా వినిపించేది ఎన్‌విడియా కార్డుల విషయంలోనే. ఈ సంస్థ తన కార్డులను తరాల వారీగా ప్రధాన డ్రైవరు నుండి విడదీస్తూ, ఒక్కొక్క తరాన్ని ఒక్కొక్క సంఖ్య గల శాఖలో వదిలిపెట్టింది. ఏ కార్డుకు ఏ శాఖ అన్నది సరిగా తెలియకపోతే తరువాతి శ్రమ అంతా వృథా.

టీఎన్‌టీ, తొలి జీఫోర్సు కార్డులు 71వ శాఖలోను, జీఫోర్సు4 ఎంఎక్స్, జీఫోర్సు4 టీఐ వంటివి 96వ శాఖలోను మిగిలిపోయాయి. జీఫోర్సు ఎఫ్‌ఎక్స్ వరుసకు 173వ శాఖ. ఈ మూడింటినీ ఈనాడు చరిత్రగానే భావించాలి. 2000ల మధ్యలో మన ఊళ్ళలో కూర్పించుకున్న కంప్యూటర్లలో తరచు కనిపించిన జీఫోర్సు 6200, 7300 వంటి 6, 7 వరుసల కార్డులకు 304వ శాఖ వర్తిస్తుంది. ఇందులో చివరిదైన 304.137 సంచిక 2017లో వచ్చింది. 8400, 9400, 9500, 210 మొదలైనవి, అంటే 8వ వరుస నుండి 300 వరుస వరకు ఉన్నవి, 340వ శాఖకు చెందుతాయి. దాని చివరి సంచిక 340.108, 2019 డిసెంబరులో వెలువడింది. 400, 500 వరుసలకు 390వ శాఖ. ఇది 2022తో ఆగింది. 32 బిట్ల లినక్సుకు ఎన్‌విడియా ఇచ్చిన చివరి శాఖ కూడా ఇదే. 600, 700 వరుసలలో కెప్లర్ తరానికి చెందినవాటికి 470వ శాఖ, 2024 వరకు మరమ్మతులు పొందింది.

ఈ వరుస అక్కడితో ముగియలేదు. మాక్స్‌వెల్, పాస్కల్, వోల్టా తరాలకు 580వ శాఖే చివరిదని ఎన్‌విడియా 2025లో ప్రకటించింది. అదే ఏడాది డిసెంబరులో ఆర్చ్ లినక్సు తన ప్రధాన పొట్లాన్ని 590వ శాఖకు మార్చినప్పుడు, జీటీఎక్స్ 1050, 1060 వంటి కార్డులు ఉన్నవారు 580వ శాఖను విడిగా స్థాపించుకోవలసి వచ్చింది. ఆటల కోసం కొన్న కార్డులు కూడా పదేళ్ళు నిండేసరికి ఈ జాబితాలో చేరుతున్నాయన్నమాట.

పెట్టె మీది పేరును నమ్మి శాఖను ఎంచుకోవడం ప్రమాదకరం. జీటీ 610 పేరులో 600 ఉన్నప్పటికీ లోపలి చిప్పు ఫెర్మి తరానిది, కనుక 390వ శాఖ కావాలి. దాని పక్కనే అమ్మిన జీటీ 710 కెప్లర్ తరానిది, దానికి 470వ శాఖ. జీటీ 730 మరీ విచిత్రం. అదే పేరుతో రెండు తరాల చిప్పులనూ అమ్మారు. 128 బిట్ల మెమరీ దారి గలది ఫెర్మి, 64 బిట్లది కెప్లర్. జీఫోర్సు 405 అయితే 340వ శాఖకు వెనక్కి పోతుంది. అంగడిలో కొత్తగా కనిపించడానికి పాత చిప్పుకు కొత్త పేరు పెట్టడం ఈ వ్యాపారంలో మామూలే. దాని భారం మాత్రం పదేళ్ళ తరువాత ఆ కార్డును వాడుతున్న విద్యార్థి మీద పడుతుంది.

ఏటీఐ, ఇంటెల్, ఇతర కార్డులు

ఏటీఐ కథ వేరు. ఈ సంస్థ ఎఫ్‌జీఎల్‌ఆర్‌ఎక్స్ అనే యాజమాన్య డ్రైవరును ఇచ్చేది. 2006లో ఏటీఐని ఏఎండీ కొనుగోలు చేసింది. 2007 నుండి కార్డుల సాంకేతిక పత్రాలను బయటపెట్టసాగింది. 2009 మార్చిలో వచ్చిన 9.3 సంచికతో రేడియాన్ 9500 నుండి ఎక్స్1950 వరకు గల కార్డులకు యాజమాన్య డ్రైవరు ఆగిపోయింది. ఆ తరువాతి నెలలో విడుదలైన ఉబుంటు 9.04లో ఆ కార్డుల యజమానులకు స్వేచ్ఛా డ్రైవరు తప్ప గత్యంతరం లేకపోయింది. అప్పట్లో దీనిపై చాలా అసంతృప్తి వ్యక్తమైంది. కాని పత్రాలు చేతికి వచ్చిన కారణంగా స్వేచ్ఛా డ్రైవరు క్రమంగా మెరుగై, ఆ కార్డులు ఎన్‌విడియా సమకాలీనుల కంటె ఎక్కువ కాలం బ్రతికాయి. కనుక రేడియాన్ కార్డు ఉన్నవారు పాత ఎఫ్‌జీఎల్‌ఆర్‌ఎక్స్ కోసం వెదకడం అనవసరం. 2015లో 4.2 కెర్నెలుతో వచ్చిన ఏఎండీజీపీయూ డ్రైవరు తరువాతి కార్డులను చూసుకుంటుంది. 2016లో వచ్చిన ఉబుంటు 16.04 నుండి ఎఫ్‌జీఎల్‌ఆర్‌ఎక్స్‌ను తొలగించారు.

ఇంటెల్ మదరుబోర్డులలోని గ్రాఫిక్సుకు డ్రైవరు కెర్నెలులోనే ఉంది. దీనికి పెద్ద మినహాయింపు జీఎంఏ 500. ఇది కొన్ని చిన్న ల్యాప్‌టాపులలో వచ్చింది, దాని అసలు చిప్పు ఇంటెల్‌ది కాక మరొక సంస్థ నుండి తీసుకున్నది కావడంతో లినక్సు వాడుకరులు చాలా అవస్థ పడ్డారు.

స్వేచ్ఛా డ్రైవర్లు ఎన్నటికీ తొలగవని కూడా అనుకోరాదు. 2022లో మీసా 22.0 వచ్చినప్పుడు, రేడియాన్ 7000 నుండి 9250 వరకు గల కార్డులు, తొలితరం జీఫోర్సులు, ఇంటెల్ 845, 865 వంటి పాత చిప్పుల డ్రైవర్లను ప్రధాన శాఖ నుండి తీసి అంబర్ అనే పక్క శాఖలో ఉంచారు. ఇది స్వేచ్ఛా ప్రపంచపు లెగసీ డ్రైవరు. 2023లో కెర్నెలు 6.3 నుండి ఎస్ఐఎస్, వయా, సావేజ్, మ్యాట్రాక్స్ మొదలైనవాటి ప్రాచీన త్రిమితీయ డ్రైవర్లను పూర్తిగా తీసివేశారు. తేడా ఏమిటంటే, వీటి మూల సంకేతం ఎక్కడికీ పోదు. అవసరమున్నవారు పైకి తీసుకొని నిలబెట్టుకోవచ్చు.

నూవో డ్రైవరు

ఎన్‌విడియా కార్డులకు స్వేచ్ఛా డ్రైవరు పేరు నూవో. ఫ్రెంచి భాషలో ఈ మాటకు కొత్త అని అర్థం. స్టెఫాన్ మార్షెసిన్ 2005లో మొదలుపెట్టిన పని నుండి ఇది పుట్టింది. తయారీదారు పత్రాలు ఇవ్వనందున, యాజమాన్య డ్రైవరు కార్డుతో ఏమి మాట్లాడుతున్నదో గమనిస్తూ, దాని నుండి కార్డు స్వభావాన్ని ఊహించి దీనిని వ్రాశారు. 2010 ఫిబ్రవరిలో విడుదలైన 2.6.33 కెర్నెలులో ఇది చేరింది.

నూవోకు ఉన్న పెద్ద లోపం వేగం. కార్డు మొదలయ్యేటప్పుడు తక్కువ వేగంతో మొదలై, పని పెరిగితే వేగం పెంచుకుంటుంది. ఈ వేగాన్ని మార్చే పని నూవోకు చాలా కార్డులపై సరిగా పట్టుబడలేదు. కెప్లర్ తరంలో చేతితో మార్చుకోవచ్చు. జీటీఎక్స్ 900 వరుస నుండి ఎన్‌విడియా సంతకం చేసిన ఫర్మువేరు లేనిదే వేగం మార్చడం సాధ్యం కాకుండా చేశారు. బండి మొదటి గేరులోనే ఊరంతా తిరిగినట్లు ఉంటుంది. అయినా ఉత్తరం వ్రాయడానికి, పుస్తకం చదవడానికి, లెక్కల పట్టిక తయారు చేయడానికి మొదటి గేరు చాలు.

కార్డును గుర్తించడం

ఎల్ఎస్‌పీసీఐ అనే ఆదేశాన్ని ఎన్ఎన్, కే అనే ఐచ్ఛికాలతో ఇస్తే కంప్యూటరులోని పరికరాల జాబితా, వాటి సంఖ్యలు, ప్రస్తుతం వాడుతున్న డ్రైవరు పేరు కనిపిస్తాయి. వీజీఏ అని ఉన్న వరుసలో చతురస్ర కుండలీకరణాలలో రెండు సంఖ్యలు ఉంటాయి. మొదటిది తయారీదారును తెలుపుతుంది: 10డీఈ అంటే ఎన్‌విడియా, 1002 అంటే ఏటీఐ, 8086 అంటే ఇంటెల్. రెండవది చిప్పు సంఖ్య. ఎన్‌విడియా తన లెగసీ కార్డుల జాబితాను ఈ చిప్పు సంఖ్యల ప్రకారం ప్రచురిస్తుంది. పేరుతో కాక ఈ సంఖ్యతో పోల్చుకుంటే పొరపాటు జరగదు. డెబియన్‌లో ఎన్‌విడియా-డిటెక్ట్ అనే చిన్న ఉపకరణం ఈ పోలికను తానే చేసి, తగిన పొట్లం పేరు చెబుతుంది.

లెగసీ డ్రైవరుకు మారే విధానం

పని మొదలుపెట్టే ముందు, ప్రస్తుతం నడుస్తున్న కెర్నెలును తొలగించకుండా గ్రబ్ పట్టికలో ఉంచుకోవాలి. కొత్త ఏర్పాటు విఫలమైతే వెనుకకు వచ్చే దారి అదే. ముఖ్యమైన ఫైళ్ళకు నకలు తీసుకోవడం గురించి వేరుగా చెప్పనక్కరలేదు.

తరువాత, ఉన్న ఎన్‌విడియా డ్రైవరును దాని ఏర్పాట్లతో సహా పూర్తిగా తీసివేయాలి. రెండు శాఖల ఫైళ్ళు కలగలిసి ఉంటే ఏది పనిచేయనిదీ తెలుసుకోవడం కష్టం. నడుస్తున్న కెర్నెలుకు సరిగ్గా సరిపోయే హెడరు ఫైళ్ళు, సీ కంపైలరు, డీకేఎంఎస్ ఉపకరణం స్థాపించాలి. డెల్ సంస్థ 2003లో రూపొందించిన ఈ డీకేఎంఎస్, కెర్నెలు మారిన ప్రతిసారీ బయటి డ్రైవరును తానే తిరిగి కూర్చుతుంది. ఇది లేకపోతే మామూలు భద్రతా నవీకరణ వచ్చిన మరునాడే తెర నల్లబడుతుంది.

డ్రైవరును ఎన్‌విడియా ఇచ్చే స్వయం స్థాపక ఫైలు నుండి కాక, పంపిణీ వారి పొట్లం నుండి తీసుకోవడం ఉత్తమం. స్వయం స్థాపకం పంపిణీ ఫైళ్ళను తనవాటితో మార్చివేస్తుంది, తరువాత జరిగే నవీకరణ వాటిని మళ్ళీ మార్చివేస్తుంది, చివరకు రెండూ చెడతాయి. ఉబుంటు 16.04లో 304వ శాఖ, 20.04లో 340వ శాఖ, 22.04లో 390వ శాఖ పొట్లాలుగా లభించాయి. డెబియన్ 10లో 340, 390 శాఖలు రెండూ ఉన్నాయి. ఫెడోరా వాడేవారికి ఆర్‌పీఎం ఫ్యూజన్ భాండారం 340, 390, 470 శాఖలను అందించింది.

నూవో, ఎన్‌విడియా డ్రైవర్లు ఒకే కార్డును ఒకేసారి పట్టుకోలేవు. కనుక నూవోను నిషేధ జాబితాలో చేర్చి, కెర్నెలు తొలి దశలో వాడుకునే ఇనిట్రామ్‌ఎఫ్ఎస్ ఫైలును మళ్ళీ తయారుచేయాలి. పంపిణీ పొట్లాలు సాధారణంగా ఈ పని తామే చేస్తాయి. ఎక్స్ సర్వరు ఏర్పాటు ఫైలులో పాత డ్రైవరు పేరు మిగిలి ఉంటే దానిని సరిచేయడం లేదా ఆ ఫైలునే పక్కకు తీసివేయడం మాత్రం వాడుకరి గుర్తుంచుకొని చేయవలసిన పని. ఆపై కంప్యూటరును తిరిగి ప్రారంభించాలి.

రెండు గ్రాఫిక్సు చిప్పులు గల ల్యాప్‌టాపులలో ఈ కష్టమంతా పడకుండా, ఎన్‌విడియా చిప్పును నిద్రపుచ్చి ఇంటెల్ చిప్పుతో నడుపుకోవడమే తెలివైన పని.

తెర నల్లబడితే

తెర నల్లబడినంత మాత్రాన లినక్సును మళ్ళీ మొదటి నుండి స్థాపించనక్కరలేదు. కంట్రోలు, ఆల్టు, ఎఫ్2 మీటలను కలిపి నొక్కితే చాలాసార్లు అక్షరాల తెర వస్తుంది. అక్కడ ప్రవేశించి డ్రైవరును తొలగించవచ్చు. అదీ రాకపోతే గ్రబ్ పట్టికలో కెర్నెలు వరుస చివర నోమోడ్‌సెట్ అనే మాట చేర్చి ప్రారంభించాలి. అప్పుడు కెర్నెలు కార్డు జోలికి పోకుండా, బయోస్ ఇచ్చిన సాధారణ తెరతో నడుస్తుంది. 1366×768 వంటి వెడల్పు తెరలపై అక్షరాలు సాగినట్లు కనిపిస్తాయి గాని మరమ్మతుకు అది చాలు.

కారణం తెలుసుకోవడానికి లాగ్ సంచయంలోని ఎక్స్‌ఆర్గ్ ఫైలును చూడాలి. అందులో ఈఈ అనే గుర్తు ఉన్న వరుసలు లోపాలను తెలుపుతాయి. కెర్నెలు మాడ్యూలు దొరకలేదని ఉంటే డీకేఎంఎస్ కూర్పు విఫలమైందని అర్థం. తరచు హెడరు ఫైళ్ళు లేకపోవడమే కారణం. మాడ్యూలు ఏబీఐ సరిపోలేదని ఉంటే డ్రైవరుకు, ఎక్స్ సర్వరుకు పొసగలేదని అర్థం. ఈ రెండవదానికి మరమ్మతు లేదు. పాత పంపిణీకి వెళ్ళాలి, లేదా నూవోకు తిరిగి రావాలి.

లెగసీ డ్రైవరు వల్ల కలిగే బంధం

లెగసీ డ్రైవరుకు చెల్లించే మూల్యం ఇక్కడే ఉంది. ఉదాహరణకు జీఫోర్సు 6200 కార్డును తీసుకుందాం. దానికి 304వ శాఖ కావాలి. ఆ శాఖ ఎక్స్ సర్వరు 1.19 వరకే పొసగుతుంది. 1.19 ఎక్స్ సర్వరు గల పంపిణీ అంటే డెబియన్ 9. దానికి దీర్ఘకాల మద్దతు సైతం 2022 జూన్‌తో ముగిసింది. అంటే ఒక్క కార్డు కోసం కెర్నెలు, బ్రౌజరు, భద్రతా గ్రంథాలయాలు అన్నీ ఆ తేదీ దగ్గరే నిలిచిపోతాయి. బ్యాంకు లావాదేవీలు, పరీక్షల దరఖాస్తులు, ఆధారుకు సంబంధించిన పనులు చేసే కంప్యూటరును ఆ స్థితిలో ఇంటర్నెట్టుకు తగిలించడం మంచిది కాదు. డ్రైవరులో బయటపడే భద్రతా లోపాలకు కూడా మరమ్మతు రాదు.

ఇంటర్నెట్టు లేకుండా వాడే కంప్యూటరుకు ఈ అభ్యంతరం అంతగా వర్తించదు. పాఠశాలలో బొమ్మలు గీయడానికి, జ్యామితి చూపడానికి, టైపింగు నేర్పడానికి పెట్టిన యంత్రం పాత పంపిణీతోనే ఏళ్ళ తరబడి నడవవచ్చు.

వేలాండ్ రాకతో మరొక ముడి పడింది. 2008లో క్రిస్టియన్ హాగ్స్‌బెర్గ్ మొదలుపెట్టిన ఈ పద్ధతి ఎక్స్ సర్వరు స్థానాన్ని క్రమంగా ఆక్రమించింది. 2025 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 25.10లో గ్నోమ్ డెస్కుటాపు వేలాండ్‌పైనే నడుస్తుంది. 304, 340, 390 శాఖలు దానికి పనికిరావు. వాటిని వాడేవారు ఎక్స్ సర్వరుపై నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈ, మాటె వంటి డెస్కుటాపులను ఎంచుకోవాలి. పాత యంత్రాలకు మెమరీ దృష్ట్యా కూడా అవే తగినవి.

తెలుగు వాడుకరి దృష్టితో

తెలుగు అక్షరాలు తెరపై సరిగా రావాలంటే మంచి వీడియో కార్డు కావాలన్న అపోహ కొందరిలో ఉంది. ఒత్తులు, గుణింతాలు కూర్చి అక్షర రూపాన్ని నిర్ణయించేది హార్ఫ్‌బజ్ అనే గ్రంథాలయం, ఆ రూపాన్ని బిందువులుగా మార్చేది ఫ్రీటైప్. సాధారణంగా ఈ రెండూ నడిచేది ప్రాసెసరు మీద. కనుక నూవో డ్రైవరుతో గాని, కేవలం వీసా డ్రైవరుతో గాని తెలుగు పుటలు కొత్త కార్డుపై కనిపించినంత శుద్ధంగానే కనిపిస్తాయి. అక్షరాలు విడివిడిగా కనిపిస్తే లోపం ఫాంటుది లేదా పాత సాఫ్టువేరుది. డ్రైవరు మార్చి ప్రయోజనం లేదు. పైగా లెగసీ డ్రైవరు కోసం పాత పంపిణీకి వెళితే, తెలుగు కూర్పులో ఆ తరువాత జరిగిన మెరుగుదలలు చేజారిపోతాయి.

చలనచిత్రాల విషయం కొంత భిన్నం. 8వ వరుస నుండి అనేక జీఫోర్సు కార్డులు హెచ్ 264 పద్ధతిలోని వీడియోను తామే విప్పగలవు. యాజమాన్య డ్రైవరులోని వీడీపీఏయూ దీనికి తోడ్పడుతుంది. బలహీనమైన ప్రాసెసరుపై పాఠాల వీడియోలు చూడవలసి ఉంటే లెగసీ డ్రైవరుకు ఇదొక న్యాయమైన కారణం. అయితే యూట్యూబు ఎక్కువగా పంపే వీపీ9, ఏవీ1 పద్ధతులను ఈ కార్డులు విప్పలేవు. బ్రౌజరును హెచ్ 264 అడిగేలా చేయాలి, లేదా వీడియోను ముందే దించి ఉంచుకోవాలి.

తెలుగునాట

తెలుగులో లినక్సును అందించే ప్రయత్నాలలో హైదరాబాదు కేంద్రంగా 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ పని చెప్పుకోదగినది. సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్సులోనూ తెలుగు ఉంది. అది డెబియన్ ఆధారితం. కనుక పైన డెబియన్ గురించి చెప్పిన పద్ధతి దానికి చాలావరకు వర్తిస్తుంది. 2008లో ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో సుమారు 5,000 ప్రభుత్వ ఉన్నత పాఠశాలలలో కంప్యూటరు ప్రయోగశాలలు నెలకొల్పే పథకం ఆరంభమైంది. ఆ కాలపు యంత్రాలు ఎక్కడ మిగిలి ఉన్నా వాటిలో సాధారణంగా ఉండేది మదరుబోర్డు గ్రాఫిక్సు లేదా పాత తరం కార్డే.

ప్రకాశం పడమటి ప్రాంతంగా పేరుబడిన మార్కాపురం, గిద్దలూరు వంటి మెట్ట ప్రాంతాలలో ఈ పని చేసేవారు కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. మొదటిది వేడి. ఇక్కడి వేసవిలో దుమ్ము పట్టిన ఫ్యాను గల కార్డు డ్రైవరు లోపం లాగానే ప్రవర్తిస్తుంది: కొంతసేపు నడిచి తెర చెదిరి ఆగిపోతుంది. 8వ వరుస కాలపు కొన్ని ఎన్‌విడియా ల్యాప్‌టాపు చిప్పులలో వేడికి అతుకులు వదలడం వల్ల, ఆ సంస్థ 2008 జులైలో 15 నుండి 20 కోట్ల డాలర్లను మరమ్మతుల కింద కేటాయించవలసి వచ్చింది. కనుక డ్రైవరు మార్చేముందు కార్డును ఊడదీసి దుమ్ము దులిపి చూడడం మేలు. చల్లగా ఉన్నప్పుడు కూడా తెరపై గీతలు వస్తే, బయోస్ తెరలోనే గీతలు కనిపిస్తే, ఏ డ్రైవరూ దానిని బాగుచేయదు.

రెండవది విద్యుత్తు. డీకేఎంఎస్ కూర్పు, ఇనిట్రామ్‌ఎఫ్ఎస్ తయారీ పాత ప్రాసెసరుపై చాలాసేపు పట్టవచ్చు. మధ్యలో విద్యుత్తు పోతే సగం వ్రాసిన ఫైలుతో కంప్యూటరు లేవదు. యూపీఎస్ లేనిచోట పాత కెర్నెలును గ్రబ్‌లో ఉంచుకోవడం ఇందుకే తప్పనిసరి.

మూడవది ఇంటర్నెట్టు. నల్లమల అంచున ఉన్న గ్రామాలలో సెల్‌ఫోను సంకేతం నమ్మదగినది కాదు. డ్రైవరు తీసివేసిన తరువాత పొట్లాలు దిగుమతి కాకపోతే యంత్రం మధ్యలో నిలిచిపోతుంది. అందువల్ల డ్రైవరు పొట్లం, అదే కెర్నెలుకు చెందిన హెడరు ఫైళ్ళు, డీకేఎంఎస్, కంపైలరు, వాటికి ఆధారమైన పొట్లాలన్నిటినీ పట్టణంలో ముందుగా పెన్ డ్రైవులోకి దించి తీసుకువెళ్ళాలి. కెర్నెలు సంచిక సంఖ్యను యూనేమ్ ఆదేశంతో చూసి కాగితంపై పూర్తిగా, చివరి అంకెతో సహా, వ్రాసుకొని వెళ్ళాలి. ఆ చివరి అంకె తేడాగా ఉన్న హెడరు ఫైళ్ళతో డ్రైవరు కూర్పు జరగదు.